పై వాటాకీ కింది వాటాకీ మధ్య ఒక ఫోల్డర్

మా మామయ్యగారి దగ్గర 120 పైచిలుకు క్యాసెట్లున్నాయి. పద్య నాటకాలు, హరికథలు. రేడియోలో వస్తుంటే పట్టినవి కొన్ని, తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో తిరనాళ్ళకి వెళ్ళి మైకు పక్కన టేప్‌రికార్డర్ పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుని పట్టినవి కొన్ని. రిటైరయ్యాక వాటన్నిటినీ ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నారు. టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ కన్నం నుంచి కంప్యూటర్ వెనకాల నీలం రంగు కన్నంలోకి ఒక వైరు, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎర్ర బొత్తాం, అంతే. క్యాసెట్ ఒక వైపు అయిపోయేదాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదు, వంటింట్లో మిక్సీ వెయ్యకూడదు. వైరులోంచి వచ్చే పాటకి మిక్సీ చప్పుడు ఎలా అంటుకుంటుందని నేను ఒకసారి అడిగాను, మళ్ళీ అడగలేదు.

కుదించకుండా వేవ్ ఫైలుగానే దాస్తారు, కాబట్టి గంట రికార్డింగుకి 600 ఎంబీ పైమాటే. ఎంపీ3 చేసుకుంటే పదో వంతుకి వస్తుంది మామయ్యగారూ అంటే, "పద్యం పీక నొక్కినట్టుంటుందమ్మా" అన్నారు. ఆ రకంగా ఇప్పటికి 100 జీబీ దాటింది.

ఆయన ఉండేది కింది వాటాలో, మేం పై వాటాలో. నా లాప్‌టాప్, మావారి లాప్‌టాప్, టీవీ పైన. ఆయన డెస్క్‌టాప్ కింద. ఇన్నాళ్ళూ రెండు వాటాల మధ్యా ఫైళ్ళు ఎలా తిరిగేవంటే, కూరగాయల బండి వచ్చినప్పుడు బాల్కనీలోంచి తాడు కట్టి దించే బుట్ట ఉంది చూశారూ, అందులో పెన్‌డ్రైవ్ వేసి. నవ్వకండి, బాగానే నడిచింది, మా పెళ్ళి వీడియో దగ్గర ఆగింది. అది 7 జీబీ, ఒకటే ఫైలు. పెన్‌డ్రైవ్ 32 జీబీది, మొత్తం ఖాళీ, అయినా ఫైలు చాలా పెద్దదంటుంది. పాత పెన్‌డ్రైవులు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, అందులో ఒక్క ఫైలు 4 జీబీకి మించి పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చి ఫార్మాట్ చేస్తే సరిపోయేది. కానీ నాకు అప్పటికే పంతం వచ్చింది. ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య ఫైలు పంపడానికి బుట్ట ఏంటి అని.

ఒకే వైఫై మీద ఉన్నాయనుకోవడమే తప్పని తెలియడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఇదంతా రాయడానికి కారణం కూడా అదే. ఇంటర్నెట్‌లో ఫోల్డర్ షేరింగ్ గురించి ఏ వీడియో చూసినా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ దగ్గర మొదలెడతారు. రైట్ క్లిక్ కొట్టకముందు చూసుకోవాల్సింది ఇంకోటుంది.

మొదటి రోజు నేనూ ఆ వీడియోల ప్రకారమే చేశాను. కింద డెస్క్‌టాప్‌లో నాటకాలు అనే ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్. నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కి మార్చాను (ఇది ముఖ్యం. పబ్లిక్ అంటే విండోస్ ఉద్దేశంలో మీరు బస్టాండులో కూర్చున్నట్టు, మీ తలుపులన్నీ తనే వేసేస్తుంది). నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్. పైకొచ్చి లాప్‌టాప్‌లో నెట్‌వర్క్ అన్న చోట చూస్తే ఖాళీ. కిందికెళ్ళి మళ్ళీ ఏదో మార్చడం, పైకి రావడం, ఖాళీ. మెట్లు పదహారు. అత్తయ్య రెండోసారి అడిగారు, "ఏమ్మా, ఏమన్నా పోయిందా?" అని.

రెండో రోజు కోపంతో ఆ నెట్‌వర్క్ లిస్టు సంగతి వదిలేసి, నేరుగా ఐపీ అడ్రస్ కొట్టాను, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కి ఉండే నంబరు. డెస్క్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే 192.168.1.10 అని వచ్చింది. పైన లాప్‌టాప్‌లో ఏదో ఒక ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ ఉండే చోట \\192.168.1.10 అని కొట్టాను. తెరుచుకుంది! యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. అంటే లిస్టులో కనపడకపోయినా మనిషి ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

ఇక అయిపోయినట్టే అనుకున్నాను. ఇప్పుడు ఇటు నుంచి అటు. నా లాప్‌టాప్‌లో పిల్లాడి ఫొటోల ఫోల్డర్‌ని షేర్ చేసి, కిందికెళ్ళి నా లాప్‌టాప్ అడ్రస్ కొడితే, నెట్‌వర్క్ పాత్ దొరకలేదు అంది. అరగంట కొట్టాను. పై నుంచి కిందికి దారి ఉంది, కింది నుంచి పైకి లేదు. దారి అంటే రెండు వైపులా ఉండాలి కదా?

అప్పుడు చూశాను నా లాప్‌టాప్ ఐపీ అడ్రస్. 192.168.0.104. కింద 1, ఇక్కడ 0.

చాలామంది ఇళ్ళల్లో ఉండే ఏర్పాటే ఇది. ఫైబర్ ఇంటర్నెట్ వాళ్ళు ఒక డబ్బా బిగించి వెళ్తారు, అది కింద హాల్లో ఉంటుంది. దానికి వైఫై ఉంటుంది కానీ పై వాటాకి అందదు. అందక, మనం బజార్లో ఇంకో రౌటర్ కొని, కింది డబ్బా నుంచి కేబుల్ లాగి, ఆ రౌటర్‌కి వేరే రంగులో ఉండే వాన్ పోర్టులో (బయటి నుంచి ఇంటర్నెట్ వచ్చే కన్నం) గుచ్చుతాం. ఇంటర్నెట్ వస్తుంది. అందరూ సంతోషం. కానీ ఆ రౌటర్ తన పని తను చేస్తుంది కదా. పై వాటాకంతా తనే ఒక వేరే నెట్‌వర్క్ తయారుచేసి, తన అడ్రస్‌లు తను పంచుతుంది. గేటూ వాచ్‌మనూ ఉన్న అపార్ట్‌మెంట్ లాంటిది. లోపలి వాళ్ళు బయటికి ఎక్కడికైనా వెళ్ళొచ్చు, తిరిగి రావొచ్చు. బయటి వాళ్ళు ఫలానా 104 ఫ్లాట్ అని వస్తే వాచ్‌మన్ పంపడు, అసలు ఆ నంబరు బయటి వాళ్ళకి తెలియదు కూడా. నేను కింది డెస్క్‌టాప్‌ని తెరిచినప్పుడు, దానికి తలుపు తట్టింది నా లాప్‌టాప్ అని తెలియదు, రౌటరే తట్టిందనుకుంది. రౌటర్‌కి బయటి వైపు ఉన్న అడ్రస్ 192.168.1 వరసలోదే కాబట్టి ఇంటి మనిషే అనుకుని విండోస్ ఫైర్‌వాల్ కూడా ఊరుకుంది. నెట్‌వర్క్ లిస్టులో కనపడకపోవడానికీ ఇదే కారణం, "ఎవరున్నారక్కడ" అని కంప్యూటర్లు వేసే కేక రౌటర్ దాటి వెళ్ళదు.

కాబట్టి రెండు కంప్యూటర్లలోనూ మొదట ఐపీ అడ్రస్ చూడండి. ఇళ్ళల్లో సాధారణంగా చుక్కల మధ్య ఉండే నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ ఒకటే ఉండాలి. తేడా ఉంటే షేరింగ్ సెట్టింగులు ఎన్ని మార్చినా మీ మోకాళ్ళకే నష్టం. ఇంకోటి, మీ లాప్‌టాప్ గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయి ఉంటే కూడా ఇంతే, గెస్ట్ వైఫై ఉన్నదే ఇంట్లో మిగతా వాటిని చూడనివ్వకుండా ఉండటానికి.

మందు ఏంటంటే, పై రౌటర్‌ని రౌటర్‌గా కాకుండా ఉత్త వైఫై పంచే డబ్బాగా మార్చడం. కొన్నిటికి యాక్సెస్ పాయింట్ మోడ్ అని మెనూలోనే ఉంటుంది, అది నొక్కితే చాలు. నాదానికి లేదు, చేత్తో చేసుకోవాలి. రౌటర్ సొంత అడ్రస్‌ని కింది వరసలోకి, అంటే 192.168.1.2 లాంటిదానికి మార్చాలి (ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వనిదై ఉండాలి). తర్వాత డీహెచ్‌సీపీ ఆపాలి, అంటే అడ్రస్‌లు పంచే పని మానిపించాలి. ఆఖర్న కేబుల్‌ని వాన్ పోర్టులోంచి తీసి మామూలు లాన్ పోర్టులో (ఇంట్లో కంప్యూటర్లకి ఉండే కన్నం) గుచ్చాలి. వరస ఇదే. నేను తెలివిగా డీహెచ్‌సీపీ ముందు ఆపేశాను. రౌటర్ రీస్టార్ట్ అయింది, నా లాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చేవాడు లేడు, రౌటర్ పేజీ తెరుచుకోదు, ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు. పిన్నీసు పెట్టి వెనక కన్నంలో పది సెకన్లు నొక్కి మొత్తం చెరిపేసి మొదటికొచ్చాను. అదే సమయంలో మావారు పక్క గదిలో మీటింగులో ఉన్నారు, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మాయమయ్యారట. "పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వొచ్చుగా" అన్నారు బయటికొచ్చి. నేనేం మాట్లాడలేదు.

మూడో రోజు రాత్రికి అన్నీ 192.168.1 వరసలోకి వచ్చాయి. నెట్‌వర్క్ లిస్టులో కూడా రెండూ కనపడ్డాయి. ఒక్కోసారి ఇప్పటికీ కనపడవు, ఆ లిస్టుని నమ్ముకోకండి, అడ్రస్ కొట్టి వెళ్ళడమే నయం. కాకపోతే ఆ అడ్రస్ స్థిరంగా ఉండాలి. వారం తర్వాత గంటసేపు కరెంటు పోయి వస్తే డెస్క్‌టాప్ 192.168.1.14 అయి కూర్చుంది, నేను చేసుకున్న షార్ట్‌కట్ పనిచెయ్యలేదు. ఫైబర్ డబ్బా సెట్టింగుల్లో ఈ కంప్యూటర్‌కి ఎప్పుడూ ఈ నంబరే ఇవ్వు అని రాసిపెట్టొచ్చు, అడ్రస్ రిజర్వేషన్ అంటారు. కొన్ని కంపెనీలు ఆ పేజీ పాస్‌వర్డ్ మనకి ఇవ్వవు, అప్పుడు విండోస్‌లోనే మాన్యువల్‌గా అడ్రస్ పెట్టుకోవాలి.

ఇక పాస్‌వర్డ్ గొడవ. మామయ్యగారు రోజూ కంప్యూటర్ తెరిచేది నాలుగంకెల పిన్‌తో. నెట్‌వర్క్ మీద నుంచి అడిగినప్పుడు ఆ పిన్ కొడితే ఒప్పుకోదు. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్ళకే చెల్లుతుంది, బయటి నుంచి వచ్చేవాళ్ళకి అసలు మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ కావాలి. అదేమిటో మామయ్యగారికి గుర్తులేదు, షాపులో కుర్రాడు పెట్టాడట. అందుకని ఆ డెస్క్‌టాప్‌లోనే ఇల్లు అని (ఇంగ్లీషు అక్షరాల్లో) ఒక లోకల్ యూజర్‌ని తయారుచేసి, దానికో పాస్‌వర్డ్ పెట్టి, నాటకాల ఫోల్డర్ ఆ యూజర్‌కే షేర్ చేశాను. అందరి లాప్‌టాపుల్లోనూ ఆ పేరే కొట్టి, గుర్తుపెట్టుకో అని టిక్ పెట్టాను. ముందు తప్పు పేరుతో ఒకసారి కనెక్ట్ అయి ఉంటే విండోస్ దాన్నే పట్టుకు వేలాడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్‌కి వెళ్ళి ఆ పాతది తీసేసి, ఒకసారి సైనౌట్ అయి రావాలి.

వీడియోల్లో చాలామంది చెప్పే అడ్డదారి ఇంకోటుంది. పాస్‌వర్డ్ అడగకుండా ఆపేయండి, అవసరమైతే ఎస్ఎంబీ1 ఆన్ చెయ్యండి అని. దయచేసి చెయ్యకండి. ఎస్ఎంబీ అంటే విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకోవడానికి మాట్లాడుకునే భాష, 1983లో ఐబీఎంలో పుట్టింది. ఎస్ఎంబీ1 దాని పాత యాస. 2017 మేలో వానక్రై అని ఒక రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా, అది దూరింది ఆ ఎస్ఎంబీ1లో ఉన్న కంతలోంచే. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకి కూడా తగిలింది. మైక్రోసాఫ్ట్ ఆ కంత పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్ళు దొరికిపోయారు. ఆ ఏడాది చివర్నించి కొత్తగా వేసే విండోస్ 10లో ఎస్ఎంబీ1తో ఫైళ్ళు పంచే భాగం ఉండదు, మనం పనిగట్టుకుని తెచ్చుకుంటే తప్ప. విండోస్ 11 ప్రో అయితే 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని షేర్లని కూడా మామూలుగా తెరవదు. అన్నట్టు, పాత వీడియోల్లో హోమ్‌గ్రూప్ అని వెతకమంటారు, దాన్ని 2018లోనే తీసేశారు, వెతక్కండి.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు "నాక్కూడా ఆ ఫోల్డర్ ఇవ్వు వదినా" అంది. ఇంటి షేరింగ్ ఇంటి వరకే. దీన్ని ఇంటర్నెట్ మీద నుంచి తెరిచేలా రౌటర్‌లో ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు బయటికి వదలడం అంటే వీధి తలుపు తీసి ఊరెళ్ళడమే. ఆమెకి కావాల్సిన పద్యాలు విడిగా క్లౌడ్‌లో పెట్టి లింక్ పంపాను, అదీ ఎంపీ3లో. మామయ్యగారికి చెప్పలేదు.

ఫైళ్ళయితే వస్తున్నాయి, కానీ నత్తనడక. 100 జీబీని నా లాప్‌టాప్‌లోకి ఒకసారి కాపీ చేద్దామని పెడితే సెకనుకి 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది, రెండున్నర గంటలు అంది. వైఫై సరిగ్గా లేకపోతే వేగం పైకీ కిందికీ ఊగుతుంది, ఇలా 11 దగ్గరే నిలబడితే మాత్రం ఎక్కడో ఒక తీగ 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిందని అర్థం. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 100ని 8తో భాగిస్తే పన్నెండున్నర, పైఖర్చులు పోను 11. మా రౌటర్ పోర్టులు గిగాబిట్‌వే, అంటే 1000 ఎంబీపీఎస్‌వి. అనుమానంతో కింది డబ్బా దగ్గర కేబుల్ చివర పట్టుకుని వెలుతురులో చూస్తే, ఆ పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ మూతిలో నాలుగే తీగలున్నాయి. కేబుల్‌లో ఉన్నది ఎనిమిది. బిగించినతను మిగతా నాలుగూ కత్తిరించి వదిలేశాడు. 100కి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఇంటర్నెట్ ప్లానే 100ది కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. మా వీధిలో సీసీ కెమెరాలు బిగించే అబ్బాయిని పిలిచి రెండు వైపులా ఎనిమిది తీగలతో మళ్ళీ క్రింప్ చేయిస్తే, అదే లాప్‌టాప్‌కి 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద 40 ఎంబీ పైన వచ్చింది. పది నిమిషాల పని. ఈ మొత్తం తంతులో నాకు బాగా తృప్తినిచ్చింది అదే.

టీవీ సంగతి చెప్పనే లేదు. ఆండ్రాయిడ్ టీవీలో వీఎల్‌సీ వేసుకుంటే అందులో లోకల్ నెట్‌వర్క్ అని ఉంటుంది, ఇల్లు అనే యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొడితే కింద డెస్క్‌టాప్‌లో ఉన్నవి నేరుగా టీవీలో మోగుతాయి. డెస్క్‌టాప్ నిద్రపోతే ఆగిపోతాయి. నిద్రపోకుండా సెట్ చేశాను. కరెంటు బిల్లు గురించి అత్తయ్య ఇంకా అడగలేదు.

ఇప్పుడు చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న భాగం. ఇల్లు యూజర్‌కి నేను మొదట్లో ఫుల్ కంట్రోల్ ఇచ్చాను, మళ్ళీ మళ్ళీ పర్మిషన్ల గొడవ ఎందుకులే అని. నెల రోజులకి మావారు తన లాప్‌టాప్‌లో జెడ్ డ్రైవ్‌గా కనపడే ఆ ఫోల్డర్‌లో ఏదో వెతుకుతూ, కొత్త ఫోల్డర్ 3 అని ఉంటే చెత్త అనుకుని తీసేశారు. మామయ్యగారు పేర్లు పెట్టే పద్ధతి అది మరి, నాటకం పేరు ఫైలుకి ఉంటుంది, ఫోల్డర్‌కి ఉండదు. శాశ్వతంగా తీసెయ్యమంటారా అని విండోస్ అడిగే ఉంటుంది, మనం చదువుతామా. నెట్‌వర్క్ మీద నుంచి తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళవు. ఇటూ వెళ్ళవు, అటూ వెళ్ళవు, అంతే. అందులో ఆరు క్యాసెట్లున్నాయి. బయటి హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ ఉంది కానీ అది ఉగాది నాటిది, ఈ ఆరూ తర్వాత ఎక్కించినవి. తెలిసేసరికి సాయంత్రమైంది, ఆ మధ్యాహ్నమంతా మామయ్యగారు అదే డిస్క్ మీద ఇంకో హరికథ రికార్డు చేశారు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికితే రెండు దొరికాయి, నాలుగింటి మీద హరికథ ఎక్కేసింది.

ఆయన ఏమీ అనలేదు. మావారు రెండు రోజులు కిందికి వెళ్ళలేదు, కాఫీకి కూడా.

అదే రాత్రి మార్చాను. పర్మిషన్లు రెండు చోట్ల ఉంటాయి, షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండు తలుపులు అనుకోండి, ఏది ఇరుకైతే దాని మాటే చెల్లుతుంది. నాటకాల ఫోల్డర్‌కి రెండు చోట్లా రీడ్ మాత్రమే పెట్టాను. చూడొచ్చు, వినొచ్చు, కాపీ చేసుకోవచ్చు, తీసెయ్యడానికి లేదు. ఎవరైనా ఏదైనా వెయ్యడానికి ఇచ్చిపుచ్చుకోవడం అని ఇంకో ఫోల్డర్ విడిగా. ఆదివారం ఆదివారం బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ, కాపీ అవ్వగానే వైరు పీకి బీరువాలో పెట్టడం. వైరు తగిలించి ఉంచితే ఏ రాన్సమ్‌వేరో వచ్చిన రోజు దాన్ని కూడా కలిపి తింటుంది.

తర్వాతి వారం మధ్యాహ్నం నేను పైన పని చేసుకుంటుంటే అత్తయ్య మిక్సీ ఆగిపోయింది, ఫ్యాన్ చప్పుడు కూడా లేదు. కింద టేప్‌రికార్డర్ బయటికి వచ్చిందని అర్థమైంది. నాలుగు క్యాసెట్లు, ఎనిమిది వైపులు, నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నిన్న సాయంత్రం జెడ్ డ్రైవ్ తెరిచి చూస్తే ఆఖరిది కూడా వచ్చి ఉంది. ఫోల్డర్ పేరు, కొత్త ఫోల్డర్ 3 ముట్టుకోవద్దు.